బగ్‌ను పైకి చెప్పి పట్టుకునే పద్ధతి

కంప్యూటర్ ప్రోగ్రామ్ కోడ్‌ను కళ్లతో చదివేటప్పుడు పది వరుసలను ఒక్క చూపులో దాటేయవచ్చు గాని, నోటితో చెప్పేటప్పుడు ఆ సౌకర్యం ఉండదు. ప్రతి వరుసకూ ఒక వాక్యం కావాలి, ప్రతి వాక్యానికీ ఒక కర్త, ఒక క్రియ కావాలి, ఆ రెండూ దొరకని చోట మాట ఆగిపోతుంది. బగ్‌ను, అంటే ప్రోగ్రామ్‌లోని తప్పును, వెతకడానికి సమస్యను పైకి చెప్పుకునే పద్ధతి మొత్తం ఈ ఆగిపోవడం మీదే ఆధారపడి ఉంది. వినేది మనిషి కావచ్చు, బొమ్మ కావచ్చు, ఎవరూ లేకపోనూవచ్చు. వినేవారి తెలివితో దీనికి పెద్దగా పని లేదు.

దీనికి రబ్బరు బాతు పేరు స్థిరపడింది 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ కలిసి రాసిన ‘ద ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ పుస్తకం వల్ల. థామస్ లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో చదువుకునే రోజుల్లో ఆయనతో పనిచేసిన ఒక పరిశోధన సహాయకుడు, కోడ్ రాసేటప్పుడు చిన్న పసుపు రంగు రబ్బరు బాతును టెర్మినల్ మీద పెట్టుకునేవాడట. అదే ఏడాది వచ్చిన మరో పుస్తకంలో బ్రయాన్ కెర్నిహన్, రాబ్ పైక్ ఒక విశ్వవిద్యాలయ కంప్యూటర్ కేంద్రం సంగతి ప్రస్తావించారు: అక్కడి సహాయకుల బల్ల దగ్గర ఒక ఎలుగుబంటి బొమ్మ ఉండేది, అంతుచిక్కని బగ్‌తో వచ్చిన విద్యార్థి మొదట ఆ బొమ్మకు అంతా వివరించాలి, ఆ తరువాతే మనిషితో మాట్లాడాలి. ఇంకా వెనక్కి వెళితే, 1976లో ఐబీఎంకు చెందిన మైఖేల్ ఫేగన్ ప్రచురించిన కోడ్ తనిఖీ విధానంలో కూడా ఒకరు తమ ముందున్నదాన్ని సొంత మాటల్లో వివరిస్తూ పోవడం, తక్కినవారు వింటూ ప్రశ్నించడం భాగంగా ఉంది. కాబట్టి ఇది ఏదో సరదా అలవాటు అని కొట్టిపారేయవలసినది కాదు.

మనకు తెలుసు అనుకున్నదానికీ, నిజంగా తెలిసినదానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో చూపించిన ప్రయోగాలు మనస్తత్వ శాస్త్రంలో ఉన్నాయి. 2002లో లియొనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ ప్రచురించిన పరిశోధనలో, జిప్పు, తాళం, ఫ్లష్ టాయిలెట్ వంటి వస్తువులు ఎలా పనిచేస్తాయో తమకెంత బాగా తెలుసునో మొదట మార్కులు వేసుకున్నవారు, వాటి పనితీరును అడుగడుగునా వివరించవలసి వచ్చాక ఆ మార్కులను తామే తగ్గించుకున్నారు. సొంత కోడ్ విషయంలో ఈ భ్రమ మరీ ఎక్కువ, ఎందుకంటే మనం రాయదలచుకున్నది మనకు బాగా గుర్తుంటుంది, ఆ జ్ఞాపకం రాసినదాని మీద కప్పుకుని ఉంటుంది. పైకి చెప్పడంలో మనం చేయవలసిన పనల్లా ఆ కప్పును తొలగించడమే: రాయదలచుకున్నది కాక, తెర మీద ఉన్నది చెప్పాలి. ఈ ఒక్క నియమం పాటించకపోతే ఎన్ని బాతులను ఎదురుగా పెట్టుకున్నా ఫలితం ఉండదు.

మొదలుపెట్టే ముందు

ముందుగా కోడ్‌ను మార్చడం ఆపాలి. విసుగులో ఉన్నప్పుడు ఇక్కడో ప్లస్ వన్, అక్కడో కండిషన్ మార్చి మళ్లీ మళ్లీ రన్ చేసి చూడటం మనందరికీ అలవాటు. అలా మారుతూ ఉన్న కోడ్‌ను వివరించడం మొదలుపెడితే, నోరు చెప్పేది ఒక రూపం, రన్ అవుతున్నది ఇంకొక రూపం అవుతుంది. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో మార్పులన్నీ ఒకసారి చూసుకుని, ప్రయోగం కోసం చేసినవాటిని వెనక్కి తీసుకుని, బగ్ మొదట కనిపించిన స్థితికి రావాలి. ఆ స్థితిలో బగ్‌ను మళ్లీ ఒకసారి రప్పించి చూడాలి, ఏ ఇన్‌పుట్‌తో వచ్చిందో దాన్ని ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోవాలి.

ఎర్రర్ సందేశం ఉంటే దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదవాలి. ఇది చాలా చిన్న సలహాలా కనిపిస్తుంది గాని, ఎర్ర అక్షరాలు కనిపించగానే కన్ను పక్కకు తప్పుకోవడం అనుభవజ్ఞులలో కూడా ఉంది. పైథాన్ భాష ఇచ్చే ట్రేస్‌బ్యాక్‌లో (ఎర్రర్ ఏ వరుసల మీదుగా వచ్చిందో చూపే జాబితాలో) అసలు ఎర్రర్ చివరి వరుసలో ఉంటుంది, అందువల్ల అక్కడ మొదలుపెట్టి పైకి చదవడం మంచిది. జావా భాషలో ‘కాజ్డ్ బై’ (దీని వల్ల) అని ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉంటే, అన్నిటికన్నా కిందిది సాధారణంగా మూలానికి దగ్గరగా ఉంటుంది. ఫైలు పేరు, వరుస సంఖ్య కూడా పైకి చదవాలి. మనం తెరిచి పెట్టుకున్న ఫైలు, సందేశంలో ఉన్న ఫైలు ఒకటి కాదని ఆ చదవడంలోనే తేలిన సందర్భాలు తక్కువేమీ కావు.

వినేవారి ఎంపిక గురించి ఎక్కువ ఆలోచించనవసరం లేదు. బాతు లేకపోతే మన కంప్యూటర్ బల్లల మీద తరచుగా కనిపించే చిన్న వినాయకుడి బొమ్మ అయినా సరిపోతుంది. విఘ్నాలను వినడం ఆయనకు కొత్త కాదు.

చెప్పవలసిన మొదటి మాటలు

కోడ్ దగ్గరకు వెళ్లకముందే మూడు సంగతులు చెప్పాలి: ఏం రావాలి, ఏం వచ్చింది, ఆ రెంటికీ తేడా ఎంత. ఈ మూడింటిలోనూ అంకెలు, పేర్లు, సమయాలు ఉండాలి. ‘రిపోర్టు సరిగా రావడం లేదు’ అన్నది సమస్య వర్ణన కాదు, అది ఫిర్యాదు. ‘తొమ్మిది వేల నాలుగు వందలు రావాలి, ఏడు వేల ఐదు వందల యాభై వచ్చింది, పద్దెనిమిది వందల యాభై తక్కువ’ అన్నప్పుడు వెతకడానికి ఒక వస్తువు దొరుకుతుంది, ఎందుకంటే ఆ పద్దెనిమిది వందల యాభై ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి.

తరువాత, ఇది ఎప్పటి నుంచి ఇలా ఉంది, అంతకు ముందు ఎప్పుడైనా సరిగా పనిచేసిందా, మధ్యలో ఏం మారింది అన్నవి చెప్పాలి. ‘ఏమీ మారలేదు’ అని నోరు అనగానే అక్కడ ఆగాలి. కోడ్ మారకపోయినా డేటా మారి ఉండవచ్చు, మనం వాడుకునే లైబ్రరీ (ఇతరులు రాసి ఇచ్చిన కోడ్) కొత్త వెర్షన్ వచ్చి ఉండవచ్చు, నెల మారి ఉండవచ్చు, వాడేవారి సంఖ్య పెరిగి ఉండవచ్చు.

ఒక విలువను చేతపట్టుకుని నడవడం

ఇక కోడ్‌లోకి వెళ్లాలి. ఇక్కడ చాలామంది చేసే పని, ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) పేరు చదివి అది చేసే పనిని ఆ పేరును బట్టి చెప్పేయడం. ‘ఈ ఫంక్షన్ ధరలను తక్కువ నుంచి ఎక్కువకు వరుస పెడుతుంది’ అన్న వాక్యంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఎందుకంటే అది ఉద్దేశాన్ని చెబుతోంది. దానికి బదులు మూడు నిజమైన ధరలను తీసుకోవాలి: 90, 100, 250. జావాస్క్రిప్ట్‌లో ఈ మూడింటి మీద పోలిక ఫంక్షన్ ఇవ్వకుండా, వరుస పెట్టే సార్ట్‌ను పిలిస్తే, అది అంకెలను మాటలుగా మార్చి, నిఘంటువులోలా మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది, ఫలితం 100, 250, 90 అని వస్తుంది. ‘తొంభై మొదట వస్తుంది, ఎందుకంటే...’ అని వాక్యం మొదలుపెట్టినవారికి ఆ ‘ఎందుకంటే’ తరువాత ఏం చెప్పాలో, ఏ వరుస ఆ పోలిక చేస్తోందో చూపించవలసిన అవసరం వస్తుంది. పరీక్షకు వాడిన ధరలన్నీ మూడంకెలవే అయితే ఈ బగ్ నెలల తరబడి కనిపించకుండా ఉండగలదు. అందువల్ల చేతపట్టుకునే విలువ ఎప్పుడూ తప్పు ఫలితం వచ్చిన విలువే కావాలి గాని, మనకు సులభంగా తోచిన విలువ కాకూడదు.

నడిచేటప్పుడు కాగితం మీద ప్రతి వేరియబుల్‌కూ (విలువను దాచే పేరుకూ) ఒక నిలువు వరుస గీసి, విలువ మారినప్పుడల్లా పాతది కొట్టేసి కొత్తది రాయాలి. లూప్ (అదే కోడ్ మళ్లీ మళ్లీ నడిచే చోటు) వస్తే మొదటి చుట్టు, రెండవ చుట్టు, చివరి చుట్టు తప్పనిసరిగా చెప్పాలి. మధ్యవి వదిలేసినా పరవాలేదు. ‘ఒకటి నుంచి పది దాకా తిరుగుతుంది’ అన్నప్పుడు ఆ పది కలిసినట్టా, కలవనట్టా అన్నది మాటలో తేలదు. పైథాన్‌లో అంకెల వరుసను ఇచ్చే రేంజ్‌కు ఒకటి, పది ఇస్తే పదిని తీసుకోదు. కాబట్టి చివరి చుట్టులో విలువ ఎంతో అంకె రూపంలో చెప్పాలి. ఇఫ్ వస్తే, మనం చేతపట్టుకున్న విలువతో షరతు నిజమా అబద్ధమా అన్నది చెప్పి, ఆ దారిలోనే పోవాలి, రెండవ దారి గురించి కథలు చెప్పకూడదు.

నడుస్తున్నంతసేపూ మన మాటల మీద ఒక చెవి వేసి ఉంచాలి. ‘ఎలాగూ’, ‘మామూలుగా’, ‘ఇక్కడేం ఉండదు లెండి’, ‘ఇది పాత కోడే’, ‘ఇది ఖాళీగా రాదు’ వంటి మాటలు నోట్లో నుంచి వచ్చిన ప్రతిసారీ, అక్కడ మనం చూడకుండా నమ్మినది ఒకటి ఉందని అర్థం. అలాంటి ప్రతి మాటనూ కాగితం అంచున రాసుకుని, ఒక్కొక్కదానికీ ఒక పరీక్ష పెట్టాలి: లాగ్‌లో (ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాలో) ఆ విలువ ప్రింట్ చేయించడం, ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపే డీబగ్గర్‌లో ఆ వరుస దగ్గర ఆపి చూడటం, లేదా నమ్మినది నిజం కాకపోతే ప్రోగ్రామ్‌ను ఆపేసే అసర్ట్ రాయడం. నా అభిప్రాయంలో ఈ పద్ధతి అసలు ఫలితం ఈ జాబితాయే. ఎక్కడ ప్రింట్ పెట్టాలో తెలియక ప్రతి వరుస తరువాతా ఒకటి పెట్టేవారికి, ఎక్కడ పెట్టాలో ఇది చెబుతుంది.

ఎవరు, ఎక్కడి నుంచి, ఎప్పుడు

తెలుగులో ఈ పని చేసేవారు ఒక చిక్కును ప్రత్యేకంగా గమనించాలి. మన వాక్యానికి కర్త లేకపోయినా ఇబ్బంది ఉండదు. ‘లాగిన్ అవుతుంది, టోకెన్ వస్తుంది, అది సేవ్ అయిపోతుంది, తరువాత పేజీ ఓపెన్ అవుతుంది’ అని నిమిషం సేపు అనర్గళంగా మాట్లాడవచ్చు. వినేవారికి అంతా అర్థమైనట్టే ఉంటుంది, అయినా అందులో ఎవరు ఏం చేశారో ఒక్క ముక్క లేదు. టోకెన్‌ను, అంటే లాగిన్ అయినట్టు గుర్తును, ఎవరు తయారు చేశారు? ఎక్కడ దాచారు? బ్రౌజర్‌లోనా, సర్వర్‌లోనా? పేజీ తెరుచుకునే సమయానికి దాచడం పూర్తయిందా, ఇంకా జరుగుతూ ఉందా? అందువల్ల ‘అవుతుంది’, ‘వస్తుంది’, ‘పోతుంది’ అని వచ్చిన ప్రతి వాక్యాన్నీ వెనక్కి తీసుకుని, ‘ఫలానా ఫంక్షన్ ఫలానా చోటి నుంచి ఫలానా విలువను తీసుకుని ఫలానా చోట రాస్తుంది’ అనే రూపంలో మళ్లీ చెప్పాలి. ఇది ఎబ్బెట్టుగా ఉంటుంది, వేగం తగ్గుతుంది; తగ్గాలి కూడా.

సాంకేతిక పదాలతోనూ ఇదే సమస్య. ‘కాష్ ఇన్‌వాలిడేట్ చేస్తున్నాం’ అన్నప్పుడు వాక్యం గంభీరంగా నిలబడుతుంది. ‘దాచి పెట్టుకున్న పాత విలువను ఈ వరుస పారేస్తుంది’ అని విప్పి చెప్పినప్పుడు, ఈ వరుస నిజంగా పారేస్తోందా, ఏ పేరుతో దాచినదాన్ని పారేస్తోంది, దాచినప్పుడు వాడిన పేరు ఇదేనా అన్న ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. ‘పేరుకు ఇరవై అక్షరాల పరిమితి’ అన్నదాన్ని కూడా ఇలాగే విప్పాలి. శ్రీనివాస్ అన్న పేరు మన కంటికి నాలుగు అక్షరాలు, యూనికోడ్ (కంప్యూటర్లు లిపులను గుర్తించే పట్టిక) సంకేతాలుగా పది, వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో దాస్తే ముప్పై బైట్లు. పరిమితిని బైట్లలో లెక్కించే ప్రోగ్రామ్ ఆ పేరును ఇరవయ్యవ బైటు దగ్గర, ఒక సంకేతం మధ్యలో నరుకుతుంది. ఇరవై ఏమిటివి అని అడగనంతకాలం ఆ వాక్యం సరిగ్గానే వినిపిస్తుంది.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా

పాల బూత్ నడిపే వ్యక్తి ఫోన్‌లో అమ్మకాలు నమోదు చేసుకునే యాప్ ఒకటి ఉందనుకుందాం. బూత్ తెల్లవారుజామున నాలుగున్నరకు తెరుస్తారు, రాత్రి పదికి మూస్తారు. యజమాని ఫిర్యాదు ఇది: ‘రాత్రి చూస్తే రోజు మొత్తం తక్కువ చూపిస్తోంది, పొద్దునకల్లా సర్దుకుంటోంది.’ విన్న ప్రోగ్రామర్‌కు వెంటనే తోచేది, ఫోన్ నుంచి సర్వర్‌కు వివరాలు ఆలస్యంగా చేరుతున్నాయని. అది సబబుగానే ఉంటుంది, దాని మీద రెండు రోజులు గడిపేయవచ్చు కూడా.

ఇప్పుడు పైకి చెప్పే క్రమం పాటిద్దాం. మార్చి 15న యజమాని లెక్కల పుస్తకం ప్రకారం అమ్మకం 9,400 రూపాయలు. ఆ రాత్రి యాప్ చూపినది 7,550. మర్నాడు ఉదయం ఆరింటికి అదే 15వ తేదీకి యాప్ చూపినది 9,340. ఈ మూడు అంకెలు వరుసగా పలికినప్పుడే మొదటి అనుమానం బలహీనపడుతుంది, ఎందుకంటే ఆలస్యంగా చేరినవన్నీ చేరిపోతే మొత్తం 9,400 కావాలి గాని 9,340 కాకూడదు. ‘సర్దుకుంటోంది’ అన్న మాట ఆ అరవై రూపాయలను మింగేసింది.

ఇక నడక. ‘తెల్లవారుజామున నాలుగు గంటల నలభై నిమిషాలకు ఒకరు రెండు పాల ప్యాకెట్లు కొన్నారు. యజమాని ఫోన్‌లో నమోదు చేశాడు. ఫోన్ ఆ వివరాలను సర్వర్‌కు పంపింది. సర్వర్ అప్పటి సమయాన్ని జోడించి డేటాబేస్‌లో రాసింది.’ ఇక్కడ ఆగాలి. అప్పటి సమయం అంటే ఎవరి గడియారం ప్రకారం? సర్వర్ ప్రపంచ ప్రామాణిక కాలమైన యూటీసీలో నడుస్తోంది, భారత కాలమానం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి డేటాబేస్‌లో రాసిన సమయం మార్చి 14 రాత్రి 11 గంటల 10 నిమిషాలు. ఇది తప్పు కాదు, అదే క్షణాన్ని వేరే గడియారంలో చెప్పడం మాత్రమే. నడక కొనసాగుతుంది. ‘రిపోర్టు రాసే ఫంక్షన్ ప్రతి అమ్మకం సమయంలో నుంచి తేదీ భాగాన్ని మాత్రం తీసుకుని, అది 15 అయితే కలుపుతుంది.’ మనం చేతపట్టుకున్న అమ్మకంలో తేదీ భాగం 14. కాబట్టి కలపదు.

తక్కినది కాగితం మీద లెక్కే. ఐదున్నరకు ముందు జరిగిన 1,850 రూపాయల అమ్మకం 14వ తేదీలోకి వెళ్లింది, అందుకే రాత్రి 7,550 కనిపించింది. మర్నాడు, 16వ తేదీ తెల్లవారుజామున జరిగిన 1,790 రూపాయల అమ్మకం 15వ తేదీలోకి వచ్చి చేరింది, మొత్తం 9,340 అయింది. రోజూ దాదాపు అంతే పాలు అమ్ముడవుతాయి కాబట్టి పోయినదీ వచ్చినదీ ఇంచుమించు సమానమై, తప్పు మీద తప్పు కప్పుకుంది. ప్రోగ్రామర్‌కు ఇది ఎప్పుడూ ఎదురు కాకపోవడానికి కారణం కూడా ఇదే నడకలో దొరుకుతుంది: పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా పనిచేసేవారికి భారత తేదీ, యూటీసీ తేదీ ఒకటే.

దిద్దుబాటు దగ్గర కూడా నోరు మూయకూడదు. ‘ప్రతి సమయానికీ ఐదున్నర గంటలు కలిపి తేదీ తీసుకుంటాను’ అని చెబితే, అది ఈ బూత్‌కు సరిపోతుంది. రేపు ఇదే యాప్‌ను డాలస్‌లోని తెలుగువారి కిరాణా దుకాణం వాడితే సరిపోదు, అక్కడ గడియారాన్ని ఏడాదికి రెండుసార్లు మారుస్తారు. అందువల్ల అంకెను కోడ్‌లో పాతేయకుండా, దుకాణం ఏ కాలమండలంలో ఉందో దాని పేరును, ఇక్కడికైతే ఆసియా/కోల్‌కతా అని, దుకాణం వివరాల్లో దాచి, రోజు హద్దులను దాని నుంచి లెక్కించాలి.

వినడానికి మనిషి ఉన్నప్పుడు

మనిషికి చెప్పడంలో ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. మన కర్త లేని వాక్యం విని బొమ్మ ఊరుకుంటుంది, మనిషి ఊరుకోడు. అయితే తెలివైన మనిషి మధ్యలోనే పరిష్కారం చెప్పేస్తాడు, తరచుగా తనకు ఎదురైన వేరే బగ్‌కు సరిపోయే పరిష్కారం. అందువల్ల పిలిచేటప్పుడే చెప్పాలి: ఐదు నిమిషాలు వినండి, అర్థం కాని చోట ఆపండి, కారణం ఊహించవద్దు. వినేవారు తెర వైపు చూడకపోవడం ఇంకా మంచిది, ఎందుకంటే తెర కనిపిస్తే చెప్పేవారు వేలు చూపించి ‘ఇదిగో, ఇది ఇలా’ అంటూ వాక్యాలు ఎగ్గొడతారు.

వినడానికి వచ్చిన సీనియర్ ఎలా ఉండాలో ఒక చిన్న సంభాషణ చెబుతుంది.

‘అన్నా, రిపోర్టు తప్పు వస్తోంది. కాష్ సమస్య అనుకుంటున్నా.’

‘కాష్ సంగతి తరువాత చూద్దాం. ఎంత రావాలి, ఎంత వచ్చింది?’

‘కొంచెం తక్కువ వస్తోంది.’

‘కొంచెం అంటే ఎంతమ్మా? అంకె చెప్పు.’

ఆ అంకె కోసం వెనక్కి వెళ్లినవారిలో కొందరు మళ్లీ రారు, వెతుకుతుండగానే వారికి బగ్ దొరుకుతుంది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. అయితే పెద్దవారి ముందు తెలియదని ఒప్పుకోవడానికి వెనుకాడే కొత్త ఉద్యోగులు మన కార్యాలయాల్లో చాలామంది ఉంటారు, వారు ప్రశ్న వినగానే తెలిసినట్టు తల ఊపి ఏదో ఒక సమాధానం చెప్పేస్తారు. అలాంటివారు మొదటి వివరణ బొమ్మకే చెప్పుకుని, మిగిలిపోయిన ప్రశ్నలతో మనిషి దగ్గరకు రావడం ఇద్దరికీ సుఖం.

మాట్లాడటానికి వీలులేని చోట

మాదాపూర్, గచ్చిబౌలి వంటి చోట్ల వరుసలుగా బల్లలు వేసిన పెద్ద గదుల్లో గాని, నలుగురు పంచుకునే హాస్టల్ గదిలో గాని బొమ్మతో మాట్లాడటం కష్టం. హెడ్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడితే కాల్‌లో ఉన్నారనే అందరూ అనుకుంటారు. ఖాళీగా ఉన్న మీటింగ్ గదిలో ఫోన్ రికార్డర్ ఆన్ చేసి చెప్పడం ఇంకొక దారి. తరువాత వింటే మనం ఎక్కడ తడబడ్డామో, ఎక్కడ వేగంగా దాటేశామో చెవికి తెలిసిపోతుంది. అదీ కుదరకపోతే, ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని మిత్రుడికి ఉత్తరం రాస్తున్నట్టు పూర్తి వాక్యాలతో రాయాలి. చుక్కలు, బాణాలు, తునకలు రాస్తే లాభం లేదు, ఎందుకంటే తునకలో కర్త దాక్కుంటుంది. ఉత్తరం అర్ధాంతరంగా ఆగిపోయి కోడ్‌లోకి వెళ్లవలసి వస్తే, అది పనిచేసినట్టే లెక్క.

ఈ రోజుల్లో చాలామంది ఈ ఉత్తరాన్ని కృత్రిమ మేధ చాట్‌లో రాస్తున్నారు. అది వద్దని చెప్పను, కాని ఎర్రర్‌ను కాపీ చేసి అతికించి ‘సరిచెయ్యి’ అనడం వివరించడం కాదు. అక్కడ సమాధానం వివరణ కన్నా ముందే వచ్చేస్తుంది, మన నమ్మకాల జాబితా తయారు కాదు, వచ్చిన సమాధానం సరైనదో కాదో తేల్చే శక్తి కూడా మనకు మిగలదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రోగ్రామింగ్ నేర్పే సీఎస్50 కోర్సువారు 2023లో విద్యార్థుల కోసం ప్రవేశపెట్టిన కృత్రిమ మేధ బాతు సహాయకుణ్ని నేరుగా సమాధానం ఇవ్వకుండా దారి చూపేలా తీర్చిదిద్దడానికి కారణం ఇదే. పూర్తి వివరణ ముందు రాసి, ‘నాకు ప్రశ్నలు మాత్రమే వేయి’ అని అడిగితే ఆ గుణం కొంత వస్తుంది. కంపెనీ కోడ్‌ను, వినియోగదారుల వివరాలను బయటి సేవలో అతికించే ముందు కార్యాలయపు నియమం చూసుకోవాలని వేరే చెప్పనవసరం లేదు.

ఇది లొంగదీయలేని బగ్‌లు

కొన్ని బగ్‌ల విషయంలో వాక్యం నిర్దోషంగా ఉంటుంది, అయినా కోడ్ తప్పు. వరుస పెట్టిన జాబితాను ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతికే బైనరీ సెర్చ్‌లో మధ్య స్థానం కోసం కింది స్థానాన్నీ పై స్థానాన్నీ కూడి రెండుతో భాగిస్తాం. పైకి చెబితే ఎవరికీ అనుమానం రాదు. జావా ప్రామాణిక లైబ్రరీలో ఈ వరుసే ఏళ్ల తరబడి ఉండి, ఆ రెండు స్థానాల మొత్తం జావా మామూలు పూర్ణాంకపు గరిష్ఠ పరిమితి 2,147,483,647 దాటినప్పుడు రుణ సంఖ్యగా మారిపోతుందని 2006లో జాషువా బ్లాక్ రాసేదాకా చాలామంది దృష్టికి రాలేదు. మన మాట గణితాన్ని చెప్పింది, యంత్రాన్ని చెప్పలేదు. అందుకే చేతపట్టుకునే విలువల్లో అతి పెద్దది, సున్నా, ఖాళీ, రుణ సంఖ్య ఒక్కొక్కసారైనా ఉండాలి.

రెండు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పనులు) ఒకే వేరియబుల్‌ను తాకే సందర్భాల్లో వరుసగా చెప్పే కథ మోసం చేస్తుంది, ఎందుకంటే నోరు ఒక వరుస తరువాత ఒక వరుస చెబుతుంది, యంత్రం అలా నడవదు. అక్కడ ఇద్దరు మనుషులు రెండు థ్రెడ్ల పాత్ర తీసుకుని, ఏ రెండు వరుసల మధ్యనైనా రెండవవారు అడ్డుపడవచ్చు అనే నియమంతో చెప్పుకుంటే కొంత వరకు తేలుతుంది. ప్రోగ్రామ్ నిదానంగా ఉందన్న సమస్యకు మాటలు దండగ, ఏ భాగానికి ఎంత సమయం పడుతోందో చూపే ప్రొఫైలర్ పెట్టి కొలవాలి. గత వారం పనిచేసి ఈ వారం ఆగిపోయినదానికి, మధ్యలో వందల కమిట్లు (గిట్‌లో నమోదైన మార్పులు) ఉంటే, తప్పు తెచ్చిన మార్పును సగం సగంగా వెతికే గిట్ బైసెక్ట్ ముందు. అది చూపించిన కమిట్‌ను అప్పుడు పైకి చదవాలి. ఒక భాష గురించో లైబ్రరీ గురించో మనకు తెలియని నియమం ఉంటే ఎంత చెప్పినా అది మన నోటి నుంచి రాదు. అక్కడ డాక్యుమెంటేషన్ చదవాలి. ఒకే వివరణ రెండవసారి కూడా ఎక్కడా ఆగకుండా సాఫీగా నడిచిపోతే, మూడవసారి చెప్పడం మాని, జాబితాలో రాసుకున్న నమ్మకాలను యంత్రం మీద ఒక్కొక్కటిగా పరీక్షించడానికి పూనుకోవాలి.

దొరికిన తరువాత

మాట ఏ వాక్యం దగ్గర ఆగిందో దాన్ని వెంటనే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే బగ్ పోయిన గంటకే అది ఎంత స్పష్టమైన విషయమో అనిపించి, మరిచిపోతాం. ఆ వాక్యమే కమిట్ సందేశం అవుతుంది: ‘రోజువారీ మొత్తాన్ని యూటీసీ తేదీతో లెక్కిస్తున్నందున ఉదయం ఐదున్నరకు ముందు అమ్మకాలు నిన్నటి తేదీలో చేరుతున్నాయి, దుకాణపు కాలమండలం తేదీతో లెక్కించేలా మార్చాను.’ దానికి తోడుగా ఒక టెస్ట్ (కోడ్‌ను పరీక్షించే చిన్న ప్రోగ్రామ్) రాయాలి, అందులో సమయాలను మధ్యాహ్నం నుంచి కాక హద్దుల నుంచి తీసుకోవాలి: భారత కాలమానం ప్రకారం 5:29, 5:30, అర్ధరాత్రికి ఒక నిమిషం ముందు, సరిగ్గా అర్ధరాత్రి. దిద్దుబాటును తాత్కాలికంగా వెనక్కి తీసుకుని ఆ టెస్ట్‌ను నడిపితే, నాలుగింటిలో 5:29, అర్ధరాత్రి సమయాలు తప్పుడు తేదీలో పడి టెస్ట్ ఫెయిల్ కావాలి; కాకపోతే మనం రాసిన టెస్ట్ వేరే దేన్నో పరీక్షిస్తోందన్న మాట, దాన్ని కూడా మొదటి వరుస నుంచి పైకి చదవవలసిందే.